మొనగాడి వాంగ్మూలం

చిల్లకల్లులో ఆశీర్వాదం అనే పెద్దాయన మాట నమ్మి ఇంతవరకు ఎవరూ చెడిపోలేదు. ఎవరూ నమ్మలేదు గనక. కోతలు కోయడంలో ఆయన్ని మించినవాడు హైవే మీద గరికపాడు చెక్‌పోస్టు నుంచి కీసర టోల్‌గేటు దాకా వెతికినా దొరకడు.

మనిషి చూడబోతే అయిదడుగులకు రెండంగుళాలు ఎక్కువ, అంతే. అరవై నాలుగేళ్ళు. సున్నపురాయి క్వారీలో పాతికేళ్ళు డ్రిల్లింగు పని చేసి, వినికిడి సగం ఆ గోతుల్లోనే వదిలేసి బయటపడ్డాడు. ఆ తర్వాత రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేస్తున్నాడు. క్వారీలో ఒకనాడు మందుగుండు ముందే పేలి, తనను గాల్లోకి ఎత్తి తీసుకెళ్ళి బెజవాడ బస్సు టాపు మీద కూర్చోబెట్టిందనీ, కండక్టరు పైకొచ్చి టిక్కెట్టు అడిగితే “నేను ఎక్కలేదయ్యా, పడ్డా” అన్నాననీ, “పడ్డా చార్జీ చార్జీయే” అని వాడు ముక్కుపిండి వసూలు చేశాడనీ చెప్పేవాడు. తన చేలో కాయ ఒకటి తిన్న కాకి నోరు మూయకుండా కోదాడ దాకా ఎగిరిపోయి, అక్కడి చెరువు సగం తాగిందని చెప్పేవాడు. మున్నేరు వరదలో మొసలి దారి తప్పితే తోక పట్టుకుని తనే ఒడ్డుకు నడిపించాడట.

ఈ కోతలకు ఊళ్ళో గిరాకీ ఉంది. మాఘ, ఫాల్గుణాల్లో కల్లాల దగ్గర ఆడకూలీలు మిరపకాయలకు తొడిమలు తీస్తుంటే అరచేతులు భగ్గున మండుతాయి. ఆ మంట మరిపించడానికి ఆశీర్వాదాన్ని పిలిచి ముక్కాలి పీట వేసేవారు. సాయంత్రం కృష్ణయ్య టీకొట్టు దగ్గర ఇంకో కొలువు. ఆ కొలువుకో కట్టుబాటు ఉంది. ఆశీర్వాదం చెబుతుండగా మధ్యలో “నిజమా?” అని అడిగినవాడు అక్కడున్న అందరికీ టీ ఇప్పించాలి. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, తెలిసినవాడెవడూ ఆ మాట నోట రానివ్వడు.

ఇలాంటి మనిషికి మహిమ ఒక్కతే కూతురు. ఇరవై ఏడేళ్ళు. ఊళ్ళో ఆశా వర్కరు. తండ్రి కతలన్నీ చిన్నప్పుడు నిజమనుకుని పెరిగింది. పెద్దదయ్యాక అబద్ధాలని తెలిసింది గానీ, తండ్రి మొనగాడన్న నమ్మకం మాత్రం ఎక్కడో మిగిలిపోయింది.

ఆ ఏడు ఫిబ్రవరిలో ఊళ్ళో ఒక పెళ్ళి ఆగిపోయింది. పెళ్ళికూతురికి పదిహేనేళ్ళు. పెళ్ళికొడుకు ఆ పిల్ల మేనమామ కిషోర్‌బాబు, ముప్ఫై ఏళ్ళవాడు, టిప్పరు డ్రైవరు. టీకాల పుస్తకంలో పిల్ల పుట్టినతేదీ మహిమకు తెలుసు. ఒకటికి రెండుసార్లు వెళ్ళి వద్దని చెప్పింది. వినకపోతే పిల్లల హెల్ప్‌లైనుకు ఫోను చేసింది. ఆఫీసర్లు వచ్చేసరికి పందిట్లో విస్తళ్ళు వేస్తున్నారు. తాళి కట్టాల్సిన చేత్తో కిషోర్‌బాబు కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది.

అయిదోరోజు పొద్దున పదకొండు గంటలకు అతను ఆశీర్వాదం ఇంటికొచ్చాడు. పొద్దున్నుంచీ తాగుతూనే ఉన్నాడు. చేతిలో టిప్పరు జాకీ రాడ్డు.

ఆ వేళకు ఆశీర్వాదం భార్య లూర్దమ్మ కూలీలతో కల్లంలో ఉంది. ఆశీర్వాదం ముందుగదిలో మిరపకాయ బస్తాలు సర్దుతున్నాడు. రేటు పెరుగుతుందని గోడ పొడవునా ఛాతీ ఎత్తున పేర్చిన బస్తాలు, వాటికీ గోడకీ మధ్య మనిషి పట్టేంత సందు. కిటికీలోంచి ఆ రాడ్డు కనిపించింది. అరవటానికి నోరు తెరిచాడు, మాట రాలేదు. కాళ్ళు మాత్రం ఎవరూ చెప్పకుండానే పని కానిచ్చాయి. ఆయన్ని తీసుకెళ్ళి బస్తాల వెనక నిలబెట్టాయి.

మహిమ చప్పుడు విని లోపల్నుంచి వచ్చింది. “పెళ్ళి చెడగొడతావే, ఊళ్ళో నా తల తీస్తావే” అని కిషోర్‌బాబు అరిచింది ఆశీర్వాదానికి వినిపించింది. రాడ్డు తగిలిన చప్పుడు వినిపించింది. మిరప ఘాటుకు తుమ్ము వస్తుంటే తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. అక్కడ ఎంతసేపున్నాడో ఆయనకే తెలియాలి. బయటికొచ్చేటప్పటికి రాడ్డు కింద పడి ఉంది, మహిమ నేల మీద ఉంది, కిషోర్‌బాబు ఆమె మీదికి వంగి రెండు చేతులా గొంతు నులుముతున్నాడు. అతని వీపు ఆశీర్వాదం వైపుంది. చేతిలోకి రోకలి ఎప్పుడొచ్చిందో తెలియదు. కళ్ళు మూసుకుని ఒక్కటి వేశాడు.

కిషోర్‌బాబు లేచాడు. తలకాయ పట్టుకుని, ఏదో మరచిపోయి బయల్దేరిన మనిషిలా గడప దాటి వెళ్ళిపోయాడు. మంచినీళ్ళ ట్యాంకు దాకా, అరవై గజాలు నడిచాడు. అక్కడ పడిపోయాడు. అంబులెన్సు వచ్చి దగ్గర్లోని పేట ఆసుపత్రికి, అక్కణ్ణుంచి బెజవాడకు తీసుకుపోయింది. మహిమకు మణికట్టు ఎముక విరిగింది, మెడ నిండా గోళ్ళ గాట్లు. పోలీసులొచ్చి ఆమె దగ్గర ఫిర్యాదు తీసుకుని పోయారు. అప్పటికి కేసు కిషోర్‌బాబు మీదే.

సాయంత్రానికి ఊరు ఊరంతా టీకొట్టు దగ్గరుంది. “ఎట్లా కొట్టావు మావా? చెప్పు చెప్పు” అని పైకెత్తి బల్ల మీద కూర్చోబెట్టారు. ఆశీర్వాదానికి బస్తాల సందు కళ్ళముందు నుంచి పోవడం లేదు. జీవితంలో మొదటిసారి ఆయనకు చెప్పుకోవడానికి నిజంగా జరిగినదొకటి ఉంది. అదేమో చెప్పుకునేట్టుగా లేదు. అందుకని ఎప్పుడూ చేసే పనే చేశాడు.

“ఏముందిరా, ఎదురెళ్ళా. ‘ఒరే కిషోరూ, ఆ రాడ్డు కింద పెడితే మనిషిలా పోతావు, లేకపోతే మూటలా పోతావు’ అన్నా. వినలా. రోకలి తిప్పి ఒకటేసా. రాడ్డు ఎగిరిపోయి దూలానికి గుచ్చుకుంది! రెండోది చూపించేసరికి పరుగు లంకించుకున్నాడు. వదుల్తానా? ట్యాంకు దాకా తరిమా. చెప్పులు వెనక్కీ, మనిషి ముందుకీ! అక్కడ అందుకుని నెత్తి మీద మూడోది దింపా. అప్పుడు పడ్డాడు.”

జనం ఈలలు వేశారు. ఎవరో ఫోనులో వీడియో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఒక్కడంటే ఒక్కడు “నిజమా?” అని అడగలేదు.

మర్నాడు తెల్లవారుజామున కిషోర్‌బాబు చనిపోయాడు. పొద్దున తొమ్మిదింటికి పోలీసు జీపు మళ్ళీ వచ్చింది. ఎస్.ఐ. తన ఫోను తీసి ఆశీర్వాదం మొహం ముందు పెట్టాడు.

“ఇందులో ఉంది నువ్వేనా పెద్దాయనా?”

“నేనేనండి. కానీ అది కత.”

“మనిషి పోయాడు. అది కూడా కతేనా?”

హత్య కేసు రాశారు.

సబ్‌జైలుకు లూర్దమ్మ మొదటిసారి చూడటానికొచ్చినప్పుడు అన్నం గిన్నె జాలీ అవతలే పెట్టుకుని నిలబడింది. తర్వాత అంది. “నలభయ్యేళ్ళు విన్నానయ్యా నీ కోతలు. ఒక్కటీ పొయ్యిలోకి రాలేదు, పొయ్యి మీదకీ రాలేదు. చివరికొకటి పనికొచ్చింది. ఊరికి కాదు, పోలీసోళ్ళకి.” అని ఏడ్చింది.

తొంభై రోజులు దాటాక బెయిలొచ్చింది. నందిగామ కోర్టులో ప్రాక్టీసు చేసే రాజ్యశ్రీ అనే లాయరమ్మ కేసు తీసుకుంది. నలభై దాటిన మనిషి, మాట కరకు. ఆఫీసులో ఫైలు తెరిచి, పోస్టుమార్టం కాగితం మీద వేలు పెట్టింది.

“ఆశీర్వాదం గారూ, దెబ్బ ఒక్కటే. తల వెనక, కిందికి. మీరేమో మూడన్నారు, ఎదురెళ్ళానన్నారు. అసలు జరిగిందేమిటి?”

“వీడియోలో ఉన్నట్టు కాదమ్మా.”

“అది తెలుస్తూనే ఉంది. రాడ్డు దూలానికి గుచ్చుకుందన్నారు. మీది రేకుల ఇల్లు.”

ఆశీర్వాదం తల దించుకున్నాడు. ఆమె పుస్తకం తీసింది. “వినండి. ఇంట్లోకి వచ్చి మీ మనిషి ప్రాణం తీయబోతున్నాడని మీకు నిజంగా భయం కలిగితే, ఆపడానికి కొట్టొచ్చు. ఆ దెబ్బకి వాడు చచ్చినా నేరం కాదు. పాత చట్టంలో తొంభై ఆరు నుంచి నూట ఆరు దాకా, కొత్తదాంట్లో ముప్ఫై నాలుగు నుంచి నలభై నాలుగు దాకా ఉన్నదంతా ఇదే. మీ ఇంట్లోంచి మీరు పారిపోనక్కర్లేదు. ఆ పెనుగులాటలో దెబ్బని తక్కెట్లో వేసి తూచనూ అక్కర్లేదు. కానీ ఒక్కటుంది. భయం ఉన్నంతసేపే ఆ హక్కు. వాడు వెన్ను చూపి పోతుంటే తరిమి కొట్టారనుకోండి, అది రక్షణ కాదు, కక్ష.”

“నేను తరమలేదమ్మా.”

“పోలీసుల దగ్గర మూడున్నాయి. వెనక దెబ్బ, అరవై గజాల అవతల పడ్డ మనిషి, తరిమి కొట్టానని మీ నోటితో మీరు చెప్పిన వీడియో. మూడూ కలిపితే చక్కగా అతుకుతాయి. యావజ్జీవం పడుతుంది.” ఆమె కళ్ళజోడు తీసింది. “వెనక దెబ్బ ఎలా తగిలింది? అది చెప్పండి నాకు.”

ఆయన గోడ మీద క్యాలెండరు వంక చూశాడు. ఆనక చెప్పాడు. బస్తాలు, సందు, తువ్వాలు. గొంతు ఎంత తగ్గిందంటే ఆమె ముందుకు వంగి వినాల్సొచ్చింది.

రాజ్యశ్రీ కుర్చీలో వెనక్కి వాలింది. “ఇదయ్యా కేసు! వెనకెందుకు తగిలిందో ఇప్పుడు తెలిసింది. భయపడి దాక్కున్నారు, వెనకనుంచి వచ్చారు, భయంతో కొట్టారు. కోర్టుకి కావలసింది ఈ భయమే. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“భయమే లేదని ఊరంతా చెప్పుకున్నా గదమ్మా.”

“మహిమకి తెలుసా?”

ఆశీర్వాదం తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

మహిమకు తెలుసు. ఆ సంగతే ఆయన్ని తినేస్తోంది. పోలీసులకూ, పేటలో మేజిస్ట్రేటుకూ ఆమె ఒకే మాట చెప్పింది: “మా నాన్న ఎదురెళ్ళి కొట్టారు.” తండ్రి పరువు కాపాడుతున్నాననుకుంది. ఆ మాట వెళ్ళి పోలీసుల కతకే సాయపడింది.

మరుసటి ఏడు విచారణ మొదలైంది. వాయిదా అన్న రోజల్లా ముగ్గురూ చిల్లకల్లులో బస్సెక్కి నందిగామలో దిగేవారు. కోర్టు వరండాలో అవతలి చివర కిషోర్‌బాబు అక్క, ఆ పెళ్ళికూతురి తల్లి, కూర్చునేది. ఒక్క మాట అనేది కాదు. ఆమె వైపు చూడకుండా నడవడం ఆశీర్వాదానికి ఎంతకీ చేతకాలేదు.

ముందు కృష్ణయ్య సాక్ష్యం. వీడియో కోర్టులో వేశారు. చిన్న స్పీకరు డబ్బాలోంచి తన గొంతే తనకు వినిపించింది. “చెప్పులు వెనక్కీ, మనిషి ముందుకీ!” ఆ వెనక జనం నవ్వులు. కోర్టులో ఒక్కరూ నవ్వలేదు. బోనులో నిలబడ్డ ఆశీర్వాదానికి తన కత ఇంత వికారంగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

రాజ్యశ్రీ లేచింది. “కృష్ణయ్య గారూ, అక్కడున్నవాళ్ళు ఇది నమ్మారా?”

“ఆయన చెప్పేది ఎవురూ నమ్మరండి. వింటారు.”

“మరి ఒక్కరూ నిజమా అని అడగలేదేం?”

“అడిగితే టీలు ఇప్పించాలండి. మా కొట్టు దగ్గర అది రూలు.”

జడ్జి గారు రాసుకుంటున్న కలం ఆపారు. ఆయన రాయలసీమ వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. “నిజమా?” అన్నారు.

కృష్ణయ్య చేతులు నలుపుకున్నాడు. “నిజమేనండి అయ్యా. తమరు అడిగారు గానీ... తమరికి రూలు వర్తించదులెండి.”

ఈసారి అందరూ నవ్వారు. ఆశీర్వాదానికి కాస్త ఊపిరాడింది. అంతలోనే పబ్లిక్ ప్రాసిక్యూటరు తాపీగా లేచాడు. “అంటే ముద్దాయి పచ్చి అబద్ధాలకోరని ఊరంతటికీ తెలుసన్నమాట. సంతోషం. రేపు ఆత్మరక్షణ కోసం కొట్టానంటాడు. ఆ మాట కూడా ఆ లెక్కలోనే వేసుకుందాం” అని కూర్చున్నాడు.

నవ్వు ఆగిపోయింది. ఇటు నుయ్యి, అటు గొయ్యి. అబద్ధాలకోరు కాకపోతే తరిమి చంపినవాడు. అబద్ధాలకోరైతే కాపాడే ఒక్క నిజం కూడా అబద్ధమే.

మహిమ సాక్ష్యానికి ముందురోజు రాజ్యశ్రీ ఆమెను కూర్చోబెట్టి గంటసేపు చెప్పింది. జరిగింది జరిగినట్టు చెప్పమంది. మహిమ అన్నిటికీ తలూపింది. తీరా బోనెక్కి తండ్రి వైపు ఒకసారి చూసి, “మా నాన్న ఎదురుగానే కొట్టారండి” అంది.

ప్రాసిక్యూటరు గొంతు తేనెలా మారింది. “ఎదురుగా కొడితే దెబ్బ వెనక తగలడమేమిటమ్మా?”

“అతను... తిరిగాడండి.”

“ఎటు తిరిగాడు?”

“అటు. వాకిలి వైపు.”

“వాకిలి వైపు. అంటే వెళ్ళిపోవడానికి.”

మహిమ నోరు తెరిచింది. తానే అల్లిన వలలో కాలు పడ్డట్టు అప్పుడు అర్థమైంది. మెడ మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడిపోయింది. జడ్జి గారు రెండుసార్లు అడిగారు.

బస్సుకోసం గాంధీ సెంటర్లో నిలబడ్డప్పుడు ఆశీర్వాదం అడిగాడు. “ఎందుకమ్మా అట్లా చెప్పావు? లాయరమ్మ అంత చెప్పింది గదా.”

“నువ్వు దాక్కోలేదు నాన్నా.”

“మహిమా...”

“బస్తాల పక్కనించి నీ పాదం కనపడింది నాకు. రోకలి కోసం వెతుకుతున్నావు నువ్వు. అది ఎక్కడో బస్తాల కింద పడుంటది. లాగి తీసేసరికి ఆలస్యమైంది. ఆమెకి తెలవదు. నేను చూసా గదా.”

రోకలి బస్తాల కింద పడి లేదు. గోడకు ఆనించి ఉంది. సందులోకి దూరినప్పటి నుంచీ అది ఆయన భుజానికి తగులుతూనే ఉంది.

ఆయన ఊరంతటికీ కత చెబితే, కూతురు తనకు తానే ఒకటి చెప్పుకుంది. దాని మీదనే ఏడాదిగా బతుకుతోంది. అది తీసేస్తే ఆమెకేం మిగులుతుంది? తీయకపోతే తనకేం మిగులుతుంది? ఆ వారమంతా ఆశీర్వాదం అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. జైలు ఆయనకు తెలుసు. నిద్రపట్టని గచ్చు, బకెట్టు వాసన, చచ్చేదాకా అక్కడే. ఒకసారి అదే నయమనిపించేది. మరునిమిషం తొంభై రోజులు గుర్తొచ్చి ఒళ్ళు చల్లబడేది.

లూర్దమ్మే తేల్చింది. “పిల్ల నిన్ను మొనగాడనుకుంటే ఏం లాభమయ్యా, వారానికోసారి జాలీలోంచి చూడటానికా? పో. పోయి చెప్పు.”

ఆమెకు ఎవరు చెప్పారో, ఎంత తెలుసో ఆయన అడగలేదు.

ముద్దాయి బోనెక్కి ప్రమాణం చేసి సాక్ష్యమివ్వక్కర్లేదు. ఇస్తే అవతలి లాయరు అడిగేవాటికి కూడా జవాబు చెప్పుకోవాలి. ఆశీర్వాదం ఇస్తానన్నాడు. మహిమను ఇంట్లో ఉండమన్నాడు. ఆమె వచ్చి వెనక బెంచీ మీద కూర్చుంది.

బస్తాల వెనక దూరడం చెప్పాడు. నోట్లో తువ్వాలు చెప్పాడు. మాటకీ మాటకీ మధ్య ఎంతో సేపు ఆగుతున్నాడు. జీవితమంతా గుక్క తిప్పుకోకుండా చెప్పినవాడికి ఒక్కో మాటా రాయి పెకలించినట్టుగా వస్తోంది. దెబ్బ కొట్టడం దాకా చెప్పి ఆగాడు.

ప్రాసిక్యూటరు లేచాడు. “మీ చేలో కాయ తిన్న కాకి ఎక్కడిదాకా ఎగిరింది?”

“కోదాడ దాకానండి.”

“క్వారీలో పేలుడుకి మీరెక్కడ పడ్డారు?”

“బెజవాడ బస్సు మీదనండి.”

“మొసలి?”

“అదీ అబద్ధమేనండి.”

“ఇన్ని చెప్పిన నోటితోనే ఇది చెబుతున్నారు. యావజ్జీవం తప్పించుకోవడానికి. ఇదెందుకు నమ్మాలి మేము?”

ఆశీర్వాదం బోను కమ్మీ పట్టుకున్నాడు. “నా కతలు ఎన్ని విన్నారో వినండయ్యా. ఊళ్ళో ఎవర్నైనా అడగండి. అన్నిట్లోనూ మొనగాణ్ణి నేనే. నేను దాక్కున్న కత ఒక్కటి చెప్పమనండి ఎవర్నైనా. ఆడపిల్ల నలుగుతుంటే బస్తాల వెనక నుంచున్నానని ఏ మగాడైనా కోత కోస్తాడా?”

ప్రాసిక్యూటరు ఒక క్షణం కాగితాలు తిప్పాడు. “ఎంతసేపు దాక్కున్నారు?”

“గడియారం చూళ్ళేదండి. పిల్ల నన్ను పిలిచింది. నాన్నా అని. మూడుసార్లు.”

రాజ్యశ్రీ గబుక్కున లేచింది. ఇది ఆమెకు తెలియదు. ఆయన చెప్పలేదు. “ముద్దాయికి వినికిడి తక్కువండి. క్వారీ డాక్టరు కాగితం ఉంది...” అని మొదలుపెట్టింది. ఆ దారి తెరిచే ఉంది. వినపడలేదంటే చాలు.

“వినపడిందండి,” అన్నాడు ఆశీర్వాదం. “మూడూ వినపడినయ్. రోకలి నా పక్కనే ఉంది. మొదటిదానికి వెళ్ళలా. రెండోదానికీ వెళ్ళలా. మూడోదానికైనా వెళ్ళానని చెప్పుకోవాలని ఉంది గానీ, వెళ్ళలా. పిలుపు ఆగిపోయింది. ఎంత చూసినా నాలుగోది రాలా. అప్పుడు భయమేసింది. అప్పటిదాకా నాకోసం భయపడ్డా. అప్పుడు పిల్లకోసం. అప్పుడొచ్చి కొట్టా.”

జడ్జి గారు కలం ఎత్తకుండా రాస్తున్నారు. కాసేపటికి తలెత్తి, “ఇంకేమన్నా చెప్పదలుచుకున్నారా?” అన్నారు.

“లేదండి.”

బోను దిగుతూ వెనక బెంచీ వైపు చూశాడు. మహిమ లేదు. ఎప్పుడు లేచి వెళ్ళిందో తెలియదు.

ఆ తర్వాత ఇంట్లో ఆమె ఆయనతో మాట్లాడటం మానేసింది. కోపంగా కాదు. అన్నం వడ్డించేది, మాత్రలిచ్చేది, వాయిదా తేదీ చెప్పేది. “నాన్నా” అన్న పిలుపు మాత్రం లేకుండా ఆ పనులన్నీ చేసేది. ఆ మాట లేకుండా రోజంతా ఎలా గడపొచ్చో ఆమె నేర్చుకున్న తీరు చూస్తుంటే ఆశీర్వాదానికి శిక్ష పడినా బాగుండుననిపించేది.

నాలుగు వారాలకు తీర్పొచ్చింది. జడ్జి గారు ఇంగ్లీషులో చాలాసేపు చదివారు. రాజ్యశ్రీ మొహం చూస్తూ నిలబడ్డాడు ఆశీర్వాదం. చివర్న తెలుగులో చెప్పారు. గొంతు నులిమిన గుర్తులున్నాయి, దెబ్బ ఒక్కటే, వెనకనుంచి రావడానికి కారణం తెలిసింది, పిలుపు ఆగిపోయినప్పుడు ప్రాణం పోతోందని ఏ తండ్రికైనా భయం కలుగుతుంది, ఆ భయంలో కొట్టిన దెబ్బ నేరం కాదు. వెళ్ళొచ్చు.

లూర్దమ్మ సిలువ గుర్తు వేసుకుని అక్కడే కూలబడింది. అవతలి చివర కిషోర్‌బాబు అక్క లేచి, కొంగు దులుపుకుని, ఎవర్నీ చూడకుండా వెళ్ళిపోయింది. ఆమె గేటు దాటేదాకా ఆశీర్వాదం కదల్లేదు.

మెట్ల దగ్గర మహిమ నిలబడి ఉంది. అప్పట్లో విరిగిన మణికట్టును రెండో చేత్తో పట్టుకుని ఉంది. ఆయన రెండు మెట్ల పైన ఆగిపోయాడు. దిగడానికి ధైర్యం చాలలేదు.

“నాలుగోసారి కూడా పిలిచా,” అంది మహిమ, ఆయన వైపు చూడకుండా. “గొంతు పెగల్లేదు. బయటికి రాలేదు. దానికి వచ్చావు నువ్వు.”

ఆశీర్వాదం కూతురి మొహంలోకి చూశాడు. అబద్ధం ఎంత దూరాన ఉన్నా వాసన పట్టగల మనిషి తను. ఇది ఆ రోజు నిజంగా జరిగిందో, ఈ నాలుగు వారాల్లో ఆమె కూర్చుని అల్లిందో ఎంత చూసినా తెలియలేదు. అడగబోయి ఊరుకున్నాడు.

“పద నాన్నా, బస్సొచ్చుద్ది” అంది మహిమ.